ముందు ఎడమకాలి లాడం

బొబ్బిలి సంత వీధిలో గంగులు కొలిమి ముందు మళ్లీ ఆ గుర్రం వచ్చి నిలబడింది. దాన్ని చూడగానే అతని ప్రాణం ఉసూరుమంది.

“మళ్లీ ఊడిపోనాదా?” అన్నాడు.

“ఊడిపోనాది బావా,” అంది లక్ష్మణమ్మ. చేతిలోని లాడం అందించింది. “ముందు ఎడమకాలిదే.”

కొట్టి ఇరవై రోజులు కాలేదు. గుర్రానికి లాడం కొడితే, గిట్ట పెరిగి మార్చాల్సి వచ్చేదాకా నెలన్నర కదలకూడదు. నలభై ఏళ్లలో గంగులు కొట్టింది ఏదీ కదల్లేదు. జట్కాలు తిరిగే రోజుల్లో పార్వతీపురం నుంచి కూడా గుర్రాల్ని అతని దగ్గరికే తోలుకొచ్చేవారు.

ఇప్పుడు జట్కాల్లేవు. కొడవళ్లూ పారలూ షాపుల్లో తయారుగా దొరుకుతున్నాయి. భార్య పోయి ఆరేళ్లయింది. పొద్దున్న బ్లోయర్ వేసింది మొదలు సాయంత్రం ఆపేదాకా నోరు విప్పే పని పడని రోజులు చాలానే ఉండేవి. అతని చేతికి మిగిలిన గుర్రం ఇదొక్కటే. నుదుట తెల్ల మచ్చ ఉంటుందని దాన్ని చుక్క అంటారు.

చుక్క లక్ష్మణమ్మ భర్త సింహాచలానిది. పెళ్లి ఊరేగింపులకి తిప్పేవాడు. కిందటేడు కార్తీకంలో జ్వరం తగిలి, వారం తిరక్కుండా పోయాడు. గుర్రాన్ని అమ్మేస్తుందనుకున్నారంతా. ఆమె అమ్మలేదు. కళ్లెం తనే పట్టుకుని డీజే బండి వెనకాల నడవడం మొదలుపెట్టింది. ఇల్లు ఆరు కిలోమీటర్ల అవతల మామిడితోటల్లో ఉంది. పిల్లల్లేరు. చుట్టుపక్కల ఇంకో గడప కూడా లేదు.

మొదట్లో లాడాలు బాగానే నిలిచాయి. శ్రావణం పెళ్లిళ్లప్పటి నుంచే ఈ తంటా. అదృష్టం కొద్దీ, పెళ్లికొడుకు పైన ఉండగా ఒక్కసారి కూడా ఊడలేదు. ఊరేగింపు అయిపోయి, గుర్రం ఇల్లు చేరాకే ఊడేది.

అతను పని చేస్తున్నంతసేపూ ఆమె బోర్లించిన డ్రమ్ము మీద కూర్చునేది. ఎదురు కొట్టు నుంచి రెండు టీలు చెప్పేది. కబుర్లు మొదలుపెట్టేది.

“మొన్న రామభద్రపురం పెల్లికొడుకు సంగతి సెప్పాలి బావా. గుర్రమెక్కి కల్లు మూసీసుకున్నాడు. మండపం కాడ దిగమంటే దిగడు. పెల్లికూతురే వొచ్చి సెయ్యట్టుకు దింపీసినాది.”

గంగులు నవ్వేవాడు. నవ్వి, తన గొంతు తనకే కొత్తగా వినపడి ఆగిపోయేవాడు. ఆమె వెళ్లాక కొలిమి దగ్గర నిశ్శబ్దం అంతకుముందు కంటే బరువుగా ఉండేది.

ఆమె కోసం ఎదురుచూస్తున్నానని అతనికి తెలుసు. ఆమె వచ్చిందంటే తన పని చెడినట్టేనని కూడా తెలుసు. రావాలనీ ఉండేది, రాకూడదనీ ఉండేది. తన చేతకానితనానికి ఓ ఆడమనిషి గుర్రాన్ని నడిపించుకుంటూ ఆరు కిలోమీటర్లు రావడం తలుచుకుంటే, గుటకేసిన టీ కూడా చేదుగా అనిపించేది.

కళ్ల డాక్టరుకి చూపించుకున్నాడు. చూపు బాగానే ఉందన్నాడాయన. విశాఖపట్నం నుంచి కొత్త మేకులు తెప్పించాడు. చెక్క దుంగ మీద కొట్టి చూసుకున్నాడు. ఒక్కటీ వంకర పోలేదు. అయినా చుక్క కాలి లాడం మాత్రం ఊడుతూనే ఉంది.

ఇవాళ కాలు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. గిట్ట అంచు చెక్కు చెదరలేదు. ఊడిన మేకులు లక్ష్మణమ్మ కాగితంలో చుట్టి తెచ్చింది. గిట్ట పైకి వచ్చిన మేకు కొనని వంచి అణిస్తేనే పట్టు. ఈ కొనలన్నీ నిటారుగా ఉన్నాయి. వంచాననే అనుకున్నాడు. వంచినట్టు గుర్తు కూడా ఉంది.

గుర్తు కూడా అబద్ధం చెబుతోందన్నమాట.

గిట్టని ఆకురాయితో సాపు చేశాడు. లాడం కాల్చి, దాగలి మీద పెట్టి సుత్తితో సరిచేసి, చల్లార్చి కొట్టాడు. ప్రతి కొనా వంచి, వేలితో రెండేసిసార్లు తడిమి చూసుకున్నాడు. కాలు కిందికి దింపి లేచాడు.

“ఇదే ఆకరు లచ్మనమ్మా,” అన్నాడు.

“ఏటాకరు?”

“ఇజీనగరంలో లాడాలు కొట్టేవోడు ఒకడున్నాడు. ఇకమీదట ఆడి కాడికి అట్టుకెల్లు. ఎచ్చెర్లలో వోచ్‌మేను పని కుదిరినాది. సోమారం ఎలిపోతన్నాను. దాగలి కూడా అమ్మీసినాను. రేపు పాత ఇనుము కొనేవోడొచ్చి అట్టుకుపోతాడు.”

లక్ష్మణమ్మ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

“నలబైయేల్ల పని బావా అది.”

“అందుకే మానేత్తన్నాను. నా సెయ్యి పోనాది. ఇన్నాల్లూ నువ్వు మంచిదానివి కాబట్టి ఒక్క మాటనకుండా అంత దూరం నడిసొచ్చినావు. రేప్పొద్దున్న పెల్లికొడుకు మీదుండగా ఊడిపోతే? గుర్రం కాలిరిగితే? ఆ పాపం నాను మొయ్యలేను.”

ఆమె గ్లాసు కింద పెట్టింది. లేచి చుక్కని కట్టిన తాడు విప్పింది. రోడ్డు దాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. గంగులు అప్పటికే సుత్తులూ పటకార్లూ గోనెసంచిలో వేస్తున్నాడు. ఇనుము మీద ఇనుము పడే చప్పుడుకి ఆమె గుర్రంతో వెనక్కి రావడం అతనికి వినపడలేదు.

“నీ సెయ్యికేటీ అవనేదు బావా, పెతీసారీ ఆ లాడం నానే పీకీసి తెచ్చినాను,” అంది లక్ష్మణమ్మ, గుర్రం మెడ చాటున మొహం దాచుకుని.