అష్టమినాటి మెంతికూర

“తిను ఖ్యాతీ, ఇవాళ సప్తమే,” అంటూ చంపాబెన్ మెంతికూర థేప్లా రొట్టె తుంచి కోడలి నోట్లో కుక్కింది.

“అష్టమి, బా!” అంది ఖ్యాతి అత్తగారితో. “అష్టమినాడు మన జైనులం ఆకుకూర ముట్టం కదా. పాపం కాదూ?”

“పాపమేదో నేను పడతాలే, నువ్వు నములు. ఏడో నెలలో రక్తం ఎనిమిదికి పడిపోయిందని డాక్టరమ్మ తిట్టింది మరిచావా?”

తొలి కాన్పులో రక్తం చాలక చనిపోయిన కూతురి ముఖం నెల రోజులుగా చంపాబెన్ కళ్ళముందే ఉంటోంది.

అంతలో పక్కింటి జసుబెన్ తలుపు తోసుకుని వచ్చింది. గట్టిగా వాసన పీల్చి, “ఇవాళ ఏ తిథి, చంపాబెన్?” అంది.

“సప్తమి,” అంది చంపాబెన్, పళ్ళేన్ని కొంగు కింద దాస్తూ.

“అలాగా! పోయిన అష్టమికి నా సంచిలో పాలకూర చూసి, మందిరం మెట్ల మీద పదిమందిలో కడిగిపారేశారే, ఆ రోజు మా ఇంట్లోనూ సప్తమే. మా కోడలికి ఐదో నెల.”

నవ్వాపుకోబోయి ఖ్యాతికి పొలమారింది.

చంపాబెన్ పళ్ళెం బయటికి తీసి జసుబెన్ ముందు పెట్టింది.

“కూర్చో జసూ. ఆ రోజు ఎవరికని ఒక్క మాట అడగాల్సింది. అడక్కుండా అరిచాను, తప్పు నాదే.”

తర్వాత తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

“ఆరు రోజుల్లో చతుర్దశి, అదీ ఆకుకూర ముట్టని రోజే. ఆ రోజు పాలకూర నువ్వు వండు, మా ఖ్యాతిని పంపిస్తాను. రెండుసార్లూ వాసన మా ఇంట్లోంచే వస్తే వీధిలోవాళ్ళు అనుమానపడతారు.”