పంపు చెప్పిన కబురు

మిస్సోరీ నది పొంగి పశువుల్నీ పాకల్నీ ఊడ్చుకుపోయిన వరదకి అది మూడో ఏడు. నెబ్రాస్కాలో నార్త్ ప్లాట్ దగ్గర, లారీలు ఆగే బంకులో, డెల్బర్ట్ రస్క్ డీజిల్ పంపులో కంపెనీ కార్డు పెట్టాడు. పంపు వద్దంది.

కార్డుని చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వద్దంది.

డెల్బర్ట్‌కి ఒళ్ళు చల్లబడింది. నడి మధ్యాహ్నం, ఎండ కాస్తోంది. అయినా చల్లబడింది.

"పంపుతో ముచ్చట్లేంటి తాతా? వెనక లైను పెరిగిపోతోంది!"

నోరీన్ అరిచింది. ఆమెదీ క్రాంటన్ లైన్సే. ఎనిమిది వందల లారీల కంపెనీ. ఎప్పుడూ పిల్లిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తోలుతుంది.

"నీ కార్డు పెట్టి చూడమ్మాయ్," అన్నాడు.

ఆమెదీ పడలేదు.

"మిషన్ పాడైనట్టుంది."

"మరి ఆ పశువుల లారీ వాడికి పోస్తోందిగా."

అవతలి పంపు దగ్గర వేరే కంపెనీ వాడు ఈల వేసుకుంటూ ట్యాంకు నింపుకుంటున్నాడు. డెల్బర్ట్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

"అయిపోయింది," అన్నాడు. "కంపెనీ మూసేశారు."

"ఛ! ఇంత పెద్ద కంపెనీనా? పొద్దున్నేగా గ్లెన్ నాకు రేపటి లోడు చెప్పింది!"

గ్లెన్ అంటే ఆఫీసులో కూర్చుని ఎవరికి ఏ లోడో పంచే మనిషి.

"చెప్తాడు. వాడికీ తెలీనివ్వరు." డెల్బర్ట్ లారీ మెట్టు మీద కూలబడ్డాడు. మోకాలు కలుక్కుమంది. "కిరాయిలు బాగున్నప్పుడు అప్పుచేసి పేలాలు కొన్నట్టు బళ్ళు కొంటారు. ఆనక కిరాయిలు పడిపోతాయి. బ్యాంకు వాయిదాలు తగ్గవుగా. ఇన్సూరెన్సు వాడు పీకల మీద కూర్చుంటాడు. ఆ సంగతి బయటికి పొక్కిందా, సరుకిచ్చేవాడు ఆ పూటే ఇంకో కంపెనీని పిలుచుకుంటాడు. అందుకని ఆఖరి నిమిషం దాకా నవ్వుతూనే ఉంటారు. ముందు తెలిసేది ఈ పంపుకే."

అతనికిది మూడోసారి. మొదటిసారి నమ్మి, లోడు దించి, ఆఫీసు వాళ్ళు పిలుస్తారని వయోమింగ్ మంచులో కాచుకు కూర్చున్నాడు. బ్యాంకు వాళ్ళొచ్చి బండిని ఈడ్చుకుపోయారు, అతని దుప్పట్లతో సహా. రెండోసారి ఆఖరి జీతం రాలేదు. ఆ దెబ్బకి ఇల్లు పోయింది. ఇప్పుడు ఉండేది అద్దెగది. పింఛనుకి ఇంకా రెండేళ్ళు. ఈ మోకాలు చూసి ఇంకెవడూ పని ఇవ్వడు. ఇవ్వడని అతనికి తెలుసు.

ఇంక చేసేదేముంది? ఆ ఆఖరి జీతమైనా గేటుకి గొలుసు పడకముందే పట్టుకోవాలి.

బండిలోకెక్కి, లారీల వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో అందుకున్నాడు.

"క్రాంటన్ వాళ్ళెవరైనా వింటున్నారా? కార్డులు చచ్చాయి. ఆఫీసు పలకడం లేదు. ఎక్కడ చోటు దొరికితే అక్కడ బండి పెట్టేసి ఇళ్ళకి పోండి."

గరగరలోంచి ఎవరో క్రాంటన్ డ్రైవరు గొంతు పలికింది.

"ఎవడ్రా ఆ పుకార్లు పుట్టించేది? మాటలకి పన్నుండదనా?"

"డెల్బర్ట్ రస్క్‌ని."

మళ్ళీ గరగర. ఈసారి గొంతు తగ్గింది.

"పెద్దాయనే చెప్పాడంటే ఇంకేముంది. ఒరే, అందరికీ ఫోన్లు కొట్టండ్రా."

ఆ మాట ఎటెటు పోయిందో. ఒహాయో పోయింది, టెక్సాస్ పోయింది. సాయంత్రానికి క్రాంటన్ పసుపు లారీలు దారి పొడుగునా ఎక్కడికక్కడ ఆగిపోయాయి.

"ఒక్క గంట ఆగి మళ్ళీ చూద్దాం," అంది నోరీన్.

"ఆగినవాడి గతి చెప్పానుగా."

"మరి నీ బండిలో కోడిగుడ్లు? డెన్వర్ వాళ్ళు ఎదురుచూస్తుంటారు."

"బ్యాంకు వాడొచ్చి పొదుగుతాడులే."

ఆమె నవ్వలేదు. పిల్లిని బుట్టలో పెట్టి, బట్టలు సంచీలో కుక్కుకుంది. డెల్బర్ట్ కూడా తన దుప్పటీ, కాఫీ ఫ్లాస్కూ తీసుకున్నాడు. ఇలాంటప్పుడు అందరూ చేసేదే ఇద్దరూ చేశారు. తాళంచెవి ముందు చక్రం మీద పెట్టి దిగిపోయారు. పశువుల లారీ వాడు, క్రాంటన్ ఆఫీసున్న లింకన్ దాకా ఎక్కించుకున్నాడు. దారంతా పిల్లి అరుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే డెల్బర్ట్ మొహమైనా కడుక్కోకుండా క్రాంటన్ ఆఫీసుకి పోయాడు. గేటుకి గొలుసు లేదు. హమ్మయ్య అనుకున్నాడు. లోపల ఫోన్లన్నీ ఒక్కసారే మోగుతున్నాయి. గ్లెన్ నిన్నటి చొక్కాలోనే ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఉన్న ఫోన్ పెట్టేశాడు.

"గుడ్ల వాళ్ళూ పోయారు," అన్నాడు. "ఇంక సరుకిచ్చే వాళ్ళెవరూ మిగల్లేదు. తొమ్మిదింటికి గేటు మూసేస్తారట."

"నాకు నిన్న మధ్యాహ్నమే తెలుసు," అన్నాడు డెల్బర్ట్. "నా ఆఖరి జీతం ఇప్పించు గ్లెన్."

గ్లెన్ అతని వంక చూశాడు. కోపంగా కాదు. కోప్పడే ఓపిక కూడా లేనట్టు చూశాడు.

"నిన్న మధ్యాహ్నం డీజిల్ కార్డులు కొత్త బ్యాంకుకి మారుస్తూ ఒక్క గంటసేపు అందరం ఫోన్ల మీదే ఉండిపోయాం డెల్బర్ట్, నువ్వు రేడియోలో చెప్పేదాకా ఈ కంపెనీకి ఏ రోగమూ లేదు."