తైమెన్ బోల్టు

వేటగాడు కెజిక్, తైమెన్ అనే కంపెనీ రైఫిల్ తప్ప మరోటి ముట్టుకోడు. ఆ చలికాలం రాత్రి తువా అడవిలోని వేటగుడిసెలో ఉప్పు టీ తాగుతూ కూడా దాని గొప్పే చెబుతున్నాడు.

"ఇంత చలిలోనూ బోల్టు వెన్నలా జారుతుందిరా. ఇక ట్రిగ్గరంటావా, నొక్కితే నాకే వినపడదు."

"మా అక్కనెప్పుడైనా ఇలా పొగిడావా బావా?" అన్నాడు బావమరిది దమ్డిన్, దుప్పటి లాక్కుంటూ.

గుడిసె వెచ్చదనానికి ఇనుముకు చెమట పట్టి తుప్పొస్తుందని కెజిక్ తుపాకీని బయట చూరుకే వేలాడదీస్తాడు. ఎవరూ పేల్చకుండా, తూటాను గొట్టంలోకి తోసే బోల్టు ఊడదీసి, నూనెగుడ్డలో చుట్టి తలకింద పెట్టుకుంటాడు.

దీపం ఆర్పిన కాసేపటికి చూరు దగ్గర చప్పుడైంది. బోల్టు వెనక్కి లాగి, ముందుకు తోసిన చప్పుడు. ఎక్కడా పట్టెయ్యలేదు. ఆ చలిలో అంత మెత్తగా పలికేది తైమెన్ ఒక్కటే. భయంలోనూ కెజిక్ మనసు కాస్త పొంగింది.

లోపల గుమ్మం దగ్గర పడుకున్న కెజిక్ కుక్క మొరగలేదు. తెలిసినవాళ్లు వచ్చినట్టు దాని తోక నేల మీద తపతపలాడింది.

"బావా," దమ్డిన్ గుసగుసలాడాడు, "బోల్టు లోపలే ఉంది కదా?"

కెజిక్ తలకింద తడిమి నూనెగుడ్డ మూట బయటికి లాగాడు. "నా చేతిలోనే ఉంది."

బయట మంచు మీద ఒక అడుగు తలుపు వైపు కిర్రుమంది. తర్వాత ఏమీ లేదు.

"వెళ్లిపోయాడేమో," అన్నాడు దమ్డిన్.

కెజిక్ చెవులు రిక్కించాడు. వెనక్కి వెళ్లే అడుగు వినపడలేదు. ట్రిగ్గరూ వినపడలేదు.

తైమెన్‌ది వినపడదు.