మూత మీద బొట్టు

“పంపులు రెండూ బిగించాక కూడా ఘాట్‌లో లారీ ఆగిందంటే అది లారీ తప్పు కాదు, నీ తప్పు. తాళాలు నా చేతిలో పెట్టి, అక్కణ్ణించే కొండ దిగి నడిచి పో,” అన్నాడు మన్మథరావు.

డ్రైవర్ చినబాబు తల వంచుకుని నిలబడ్డాడు. లారీ కింద వెల్లకిలా పడుకున్న మెకానిక్ అప్పలకొండ ఒకసారి తల బయట పెట్టి, ఈ గొడవ తనది కాదని తెలిశాక మళ్ళీ లోపలికి లాక్కున్నాడు.

లారీ పేరు వాయుపుత్ర. నర్సీపట్నంలో దానంత జోరైన బండి ఇంకోటి లేదని యజమాని మన్మథరావే ఊరంతా చెప్పాడు కాబట్టి అది నిజమే అయి ఉండాలి. కాకపోతే చింతపల్లి సంతకి సరుకేసుకుని వెళ్ళిన ప్రతిసారీ లంబసింగి ఘాట్ సగం ఎక్కి ఆగిపోతుంది. కాసేపు నిలబడి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కదులుతుంది. ఇంజనుకి డీజిల్ అందడం లేదని అప్పలకొండ అన్నాడు. ఎలా అందుతుంది, చినబాబు అమ్ముకుంటుంటే అని మన్మథరావు అన్నాడు. ఎందుకైనా మంచిదని విశాఖపట్నంలో పాత మిలటరీ సామాను వేలంలో బ్యాటరీతో నడిచే రెండు కరెంటు పంపులు పాడుకొచ్చాడు. ట్యాంకుకీ ఇంజనుకీ మధ్య, చాసిస్ బయట బిగిస్తే అవి డీజిల్‌ని లాగి ఇంజను నోట్లో పోస్తాయి.

“ఒకటి సాలదాండి బాబూ?” అన్నాడు అప్పలకొండ కిందినుంచి.

“ఒకటైతే ఎక్కుతుంది. రెండైతే ఎగురుతుంది. నువ్వు బేగి కానీ.”

చినబాబు గొంతు సవరించుకున్నాడు. “బాబూ, నూకాలమ్మ తల్లి మీద ఒట్టు. ఆ ట్యాంకు మూత మీద నా సెయ్యి పడితే, ఆ సెయ్యి పుండైపోవాల.”

“నీ ఒట్టు నాకెందుకు? నా బొట్టు నాకుంది.”

అది మామూలు బొట్టు కాదు. రోజూ పొద్దున్నే మన్మథరావు తలంటు పోసుకుని, పసుపులో లప్పం కలిపి ముద్ద చేసి, డీజిల్ ట్యాంకు మూత నిండా మెత్తి, దాని మీద బొటనవేలితో కుంకం అద్దేవాడు. చూసినవాళ్ళు ఎంత భక్తో అనుకునేవారు. భక్తే. ఎవరైనా మూత విప్పితే ముద్ద పగలాలి, దొంగ దొరకాలి అన్నదే అందులోని పరమార్థం. ఎమర్జెన్సీ పోయింది గానీ మన్మథరావు అనుమానం పోలేదు. ముద్ద ఒక్కనాడూ పగల్లేదు. దాంతో చినబాబు చాలా తెలివైన దొంగ అని ఆయనకి గట్టి నమ్మకం కుదిరింది.

పంపులు బిగించడం అయింది. పంపుకో నిమ్మకాయ కట్టారు. ఉప్పు బస్తాలు ఎక్కించారు. మన్మథరావు స్వయంగా క్యాబిన్లో చినబాబు పక్కన కూర్చుని, అప్పలకొండని అటుపక్క కూర్చోబెట్టుకున్నాడు.

“కొండెక్కేదాకా సీటు దిగావో, చూడు,” అన్నాడు చినబాబుతో.

ఘాట్ మొదలైంది. పంపులు రెండూ తేనెటీగల్లా రొద పెడుతున్నాయి. ఎప్పుడూ ఆగే మలుపు రానే వచ్చింది, లారీ దాన్ని లెక్కచెయ్యకుండా దాటేసింది. మన్మథరావు మీసం మీదికి చెయ్యి పోయింది.

“చూశావుట్రా? సరుకు మంచిదైతే...”

కింద ధభీమని చప్పుడైంది. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. పంపులు మాత్రం రొద పెడుతూనే ఉన్నాయి.

కాసేపు కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు. ఈసారి ఎంతకీ కదల్లేదు. ముగ్గురూ దిగి చూస్తే డీజిల్ ట్యాంకు, పళ్ళూడిన ముసలమ్మ బుగ్గల్లా రెండువైపులా లోపలికి నొక్కుకుపోయి ఉంది.

“తాళాలియ్యి,” అన్నాడు మన్మథరావు.

చినబాబు ఇచ్చేశాడు. “ఎల్లిపోతానండి. దొంగన్న మాట మాత్రం మోసుకెల్లలేను. మీరే మూత తీసి, డీజిలున్నాదో లేదో సూడండి.”

మన్మథరావు వంగి చూశాడు. బొట్టు చెక్కు చెదరలేదు. ముద్ద తనే పగలగొట్టి మూత తిప్పబోతే అది రాలేదు. అప్పలకొండ పెద్ద స్పానరేసి తిప్పాడు. ట్యాంకు స్స్‌మని గాలి పీల్చుకుంది. నొక్కుకుపోయిన రేకులు టప్పుటప్పుమని బయటికొచ్చాయి. లోపల డీజిల్ నిండుగా ఉంది.

అప్పలకొండ మూత తిరగేసి, మధ్యనున్న సన్న కన్నంలోంచి లప్పం గీకాడు. ఆ ముద్దకి రోజూ భక్తిగా దండం పెట్టినవాళ్ళలో తనూ ఒకడు గనక కాస్త నెమ్మదిగానే చెప్పాడు.

“ఇది గాలి ఎల్లే కన్నం బాబూ. లోపల్నించి డీజిల్ ఎల్తా ఉంటే దాని సోట్లోకి గాలి రావాల. మీరు మెత్తీసినారు. ఈ పంపులు ఉన్న గాలి కూడా పీల్చీసి ట్యాంకుని నొక్కీసినాయి.”

చినబాబు తాళాలు మళ్ళీ తీసుకుని తిప్పితే లారీ ఒక్క ఊపున అందుకుంది. మన్మథరావుకి సిగ్గేసింది. ఊళ్ళో ఎవరూ లేని చోటు కాబట్టి మనస్ఫూర్తిగానే సిగ్గుపడ్డాడు.

“నిన్ను అన్యాయంగా అనుమానించాన్రా. ఇకమీదట మూతకి బొట్టు పెట్టను, నీ వెనకాల రాను. లారీ నీదే అనుకో,” అన్నాడు. వెంటనే ఇంకో సందేహం వచ్చింది. “అయితే అప్పలకొండా, ఇన్నాళ్ళూ కాసేపు ఆగి మళ్ళీ కదిలేది కదా. అప్పుడు గాలెలా వెళ్ళిందంటావు?”

“తల్లి దయండి,” అన్నాడు అప్పలకొండ.

మన్మథరావు కళ్ళు మూసుకుని కొండకి దండం పెట్టాడు. చినబాబు కళ్ళు తుడుచుకుని, కాళ్ళ దగ్గరున్న చిన్న స్పానర్ని మెల్లగా సీటు కిందికి తోశాడు. లారీ ఆగినప్పుడల్లా అతను ట్యాంకు అడుగునున్న నట్టు విప్పి డబ్బాడు డీజిల్ దించుకున్నది దాంతోనే. ట్యాంకుకి ఇన్నాళ్ళూ కాస్త ఊపిరందిందీ ఆ నట్టు కన్నంలోంచే.