చల్లారిన డయోడు

“నీ డయోడులు నువ్వే పట్టుకుపో కాగన్,” అంటూ డెంబెక్ డబ్బాను నా ముందుకు తోశాడు. మా ఫిలడెల్ఫియాలో కొత్త కంప్యూటరు కడుతున్న ఇంజనీరు అతను.

“మూడోసారి నాయనా ఇది. మా కొట్లో పరీక్షిస్తే అన్నీ బాగానే ఉంటున్నాయి.”

“అంటే నేను అబద్ధమాడుతున్నానా? కరెంటును ఒకవైపే పోనివ్వాల్సినవి రెండువైపులా వదిలేస్తున్నాయి. వీటికన్నా పాత గాజుబుడ్డి వాల్వులే నయం. సోమవారం నుంచి అవే బిగిస్తా.”

అతను వద్దంటే ఊళ్లో ఇంకెవరూ డయోడు ముట్టుకోరు. నా కొట్టు నిండా అవే ఉన్నాయి.

“నా కళ్లముందు ఒకటి తీసి చూపించు.”

అతను యంత్రం బీరువా తెరిచాడు. వెలుగుతున్న వాల్వుల వరసకు సరిగ్గా పైనున్న డయోడు పీకి మీటరుకు తగిలించాడు. ఎటు తిప్పి తగిలించినా ముల్లు లేచింది.

“చూశావా?”

దాన్ని అందుకోబోతే వేళ్లు చురుక్కుమన్నాయి. తీసుకెళ్లి మంచు పేరుకున్న కిటికీ గట్టు మీద పెట్టాను.

“అలిగావా?”

“కాఫీ తాగనీ.”

కాఫీ అయ్యాక మళ్లీ తగిలించమన్నాను. ఈసారి ముల్లు ఒకవైపే లేచింది.

డెంబెక్ బీరువాలో వాల్వుల పైన అరచెయ్యి పెట్టి చూశాడు. “వాల్వుల సెగ,” అన్నాడు. “నీ సరుకు మంచిదే. సగం వాల్వులు తీసేసి, వాటి పని కూడా డయోడులకే ఇస్తా.”

“తీసెయ్ మరి.”

“వాపసు తీసుకుంటావుగా? అవీ నువ్వమ్మినవే.”

డయోడుల డబ్బా అతని బల్ల మీదే వదిలి, ఖాళీ డబ్బా ఒకటి ఇమ్మన్నాను.