పేరు మరచిన మెషిన్

అప్‌డేట్ అయి లేచిన బ్లడ్ బ్యాంక్ లినక్స్ సర్వర్ తన పేరు మరచిపోయింది.

దానికి పెట్టిన పేరు కోయిల. ఇప్పుడడిగితే 'లోకల్‌హోస్ట్' అంటోంది. ఏ పేరూ పెట్టని మెషిన్లన్నీ చెప్పేది అదే.

ఆస్పత్రి కంప్యూటర్లన్నీ కోయిలా, కోయిలా అని పిలుస్తున్నాయి. పలికే దిక్కు లేదు. ఆ పేరు లేనిదే లోపలి ప్రోగ్రామూ తెరుచుకోదు. దాతల వివరాలన్నీ అందులోనే ఇరుక్కున్నాయి.

పై అంతస్తులో, సర్వర్ చూసే కుర్రాడి అక్క పురిటి మంచం మీద ఉంది. రక్తం ఎక్కించాలి, ఎక్కడా దొరకని గ్రూపు. ఒక్క దాత దొరికితే చాలు.

నిన్నటి నుంచీ అతనికి నిద్ర లేదు. బయట సన్నటి వాన. ఫ్యాన్ల హోరులో గది నీళ్ల మీద తేలుతున్నట్టుంది.

"బాబూ, బ్లడ్ బ్యాంక్ ఇదేనా? నన్ను..."

గుమ్మంలో తడి గొడుగుతో ఒకావిడ.

"సిస్టమ్ పనిచెయ్యట్లేదమ్మా. కూర్చోండి."

పేరు మార్చాడు. రీస్టార్ట్ చేశాడు. లోకల్‌హోస్ట్. మళ్లీ మార్చాడు. మళ్లీ అదే పాట.

"ఏమైంది దానికి?"

"పేరు మర్చిపోయింది."

"అయ్యో పాపం! నాకూ అంతే బాబూ. మధ్యాహ్నం పడుకుని లేస్తే పొద్దునో సాయంత్రమో తెలీదు, నేనెవరో తెలీదు. కాసేపు హాయిగానే ఉంటుందిలే."

ఆ మాటలు జోలపాటలా ఉన్నాయి. అతని రెప్పలు వాలిపోయాయి.

ఫోన్ మోగింది. బావ.

"ఏరా, ఎవరైనా దొరికారా? గంట దాటితే కష్టమంటోందిరా డాక్టరమ్మ!"

ఫోన్ పెట్టేశాడు. భయమంతా కోపమై ఆవిడ మీద పడింది.

"నా ప్రాణం తియ్యకండమ్మా! ఇవాళ ఏ పనీ జరగదు. రేపు రండి!"

"ఇవాళ అక్కర్లేదా నాయనా? సరే."

గొడుగు విప్పుకుంటూ వానలోకి వెళ్లిపోయింది. అతను తలెత్తి చూడనైనా లేదు.

గంట గడవబోతుండగా దొరికింది తిరకాసు. అప్‌డేట్‌తో వచ్చిన ఓ కొత్త సెట్టింగ్, మెషిన్ లేచిన ప్రతిసారీ పేరు తుడిచేస్తోంది. దాన్ని ఆపాడు. పేరు పెట్టాడు. ఊపిరి బిగబట్టి రీస్టార్ట్ చేశాడు.

కోయిల పలికింది!

ఆ గ్రూపు దాత లిస్టు మొత్తానికీ ఒక్కరే. వెంటనే నంబరు నొక్కాడు.

"హలో! ఆస్పత్రి నుంచండీ! అర్జెంటుగా మీ రక్తం కావాలి. దండం పెడతాను, ఎక్కడున్నా రండి!"

బస్సు హోరులోంచి నిద్రమత్తు గొంతు ఒకటి పలికింది.

"నా నంబరు దాచుకున్న నర్సమ్మ ఫోన్ చేస్తేనే వచ్చాను నాయనా, నువ్వే కదా రేపు రమ్మన్నావు... బస్సు ఊరు దాటి చాలాసేపైంది."