బండ దగ్గర ఎర్రగుడ్డ

డారెల్ ఆ కర్రను పీకి అవతల పారేశాడు.

కర్రకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. సరస్సు అంచున, పెద్ద బండ పక్కన, ఎవరు ఫొటో తీసినా సరిగ్గా మధ్యలో పడేట్టు ఎవరో పాతారు దాన్ని.

మోంటానా కొండల్లో, మిట్టెన్ సరస్సు ఒడ్డున, తెల్లారకముందే కెమెరాలు బారులు తీరతాయి. ముందొచ్చినవాడిది మంచి చోటు. ఒకడి కెమెరాకు ఇంకొకడు అడ్డం నడవకూడదు. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అక్కడ అదే చట్టం.

ఒక ముసలాయన అందరికీ అడ్డంగా నడిచొచ్చాడు. కర్ర తెచ్చి మళ్లీ అక్కడే పాతాడు.

"ఏం తాతా, సరస్సు నీ పేరున రాయించుకున్నావా?" అన్నాడు డారెల్.

"బండ ఎక్కకు బాబూ. అడుగున నీళ్లు తొలిచేశాయి. తిరగబడుతుంది."

డారెల్ జేబులోంచి పాత కేలండర్ కాగితం తీసి ఆయన ముఖం ముందు ఆడించాడు. ఎర్రగా వెలిగే శిఖరం, నీళ్లలో దాని నీడ.

"ఇది తీసినవాడు ఈ బండే ఎక్కాడు. మునిగాడా?"

ముసలాయన చూపు తిప్పుకున్నాడు.

"అప్పటి బండ కాదిది."

"మూడేళ్లుగా వస్తున్నా. రెండేళ్లు మబ్బు, ఒక ఏడు కార్చిచ్చు పొగ. ఇవాళే తేటగా ఉంది. పొద్దు పొడిచేటప్పుడు శిఖరం మీద ఆ ఎరుపు ఉండేది నాలుగు నిమిషాలు. గుడ్డ తీసెయ్."

"తీయను."

వరుసలో ఉన్న రోండా కిసుక్కున నవ్వింది. "ఉండనీ డారెల్. తాతగారి చెడ్డీ నీ ఫొటోకి అందం."

అందరూ నవ్వారు. డారెల్ ముఖం మాడిపోయింది. కర్ర పట్టి లాగాడు. ముసలాయన వదల్లేదు.

డారెల్ కెమెరా స్టాండు ఎత్తి ఆయన నుదుటి మీద కొట్టాడు.

ఎముక చప్పుడు వరుసంతా వినబడింది. ఒక్కరూ కదల్లేదు. ఏం చెప్పేది, శిఖరం అప్పుడే ఎర్రబడుతోంది. అందరి కళ్లూ కెమెరాల్లోనే.

కళ్లలోకి నెత్తురు కారుతున్నా ముసలాయన పాక్కుంటూ వచ్చి డారెల్ కాలు పట్టుకున్నాడు.

"వద్దు బాబూ."

బూటుకాలితో రొమ్ము మీద తన్నాడు డారెల్. ఒకసారి, రెండోసారి. ఆయన పట్టు వదిలింది. బండ ఎక్కాడు.

ఒక ఫొటో తీశాడు. రెండోది తీయబోతుంటే బండ పళ్లెంలా తిరగబడింది. మోకాలు దాని కింద నలిగింది. కరిగిన మంచునీళ్లు నోట్లోకి వచ్చాయి.

ముసలాయన లేచాడు. కర్రతో సహా నీళ్లలోకి దిగాడు. దాన్ని బండ కిందకి దూర్చి, రొమ్ము ఆనించి, కేక పెట్టి అదిమాడు. బండ జానెడు లేచింది. అప్పటికి పరుగెత్తుకొచ్చిన రోండా డారెల్‌ని ఈడ్చేసింది.

ముసలాయన ఒడ్డుకొచ్చి చతికిలబడ్డాడు.

"కాలు కదులుతోందా బాబూ?" అన్నాడు.

జవాబు వినకుండానే పక్కకు ఒరిగిపోయాడు.

ఆ అడవి కాపలా చూసే రేంజర్ జోలీన్ వచ్చేసరికి బాగా ఎండెక్కింది. ఆయన పక్కన మోకాళ్ల మీద కూలబడింది.

"ఆర్లో. ఆర్లో హాగెన్. లేవయ్యా."

ఆయన లేవలేదు. కర్రకున్న ఎర్రగుడ్డ విప్పి ఆయన నుదురు తుడిచింది.

"ఎవరాయన?" అన్నాడు డారెల్, పళ్లు టకటకమంటుంటే. "పిచ్చోడనుకున్నాం."

జోలీన్ రాళ్లకంటుకున్న కేలండర్ కాగితం తీసింది.

"ఇది చూసి వచ్చినవాళ్లు ఈ బండ కింద ఇప్పటికి ఆరుగురు పోయారు. మొదటివాడు పోయినప్పటి నుంచీ ఈయన రోజూ ఆ కర్ర పాతుతున్నాడు, మళ్లీ ఎవరూ ఇలాంటి ఫొటో తీయకూడదని."

కాగితం అడుగున తడి తుడిచి, డారెల్ చేతిలో పెట్టింది.

చీమ తలకాయంత అక్షరాలు: ఫొటో, ఆర్లో హాగెన్.